ఎడమ అరికాలు థాయ్ మసాజుకి వెళ్ళిన రోజు

నేను థాయ్ మసాజ్ చేయించుకున్నాను! ఈ మాట చెప్పడానికి మనుషులు ఎవరు దొరుకుతారా అని తిరుగుతున్నాను. స్టాఫ్ రూములో చెప్పాను, చర్చిలో చెప్పాను, బజారులో బెండకాయలు ఏరుతూ కూరలమ్మే ఆవిడకి కూడా చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నడుం నొప్పితో మంచం మీద బోర్లా పడుకుని ఇక నా పని ఇంతే అనుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసం. వాళ్ళ వీపు మీదకి ఎవర్నో ఒకర్ని ఎక్కించాలని చూస్తున్న చుట్టాల కోసం మరీను.

నా పేరు సలోమి. సాలూరులో ఒక బడిలో డ్రిల్ టీచర్ని. మెడలో ఈల, కాలికి బూట్లు, ఎండలో ఖోఖో. నేను అరిస్తే లారీల హారన్లు కూడా వినపడవని మా హెడ్మాస్టరు గారు అంటారు. ఊళ్ళో మాత్రం నన్ను ఎదురుకాళ్ళ సలోమి అంటారు. తల బదులు కాళ్ళు ముందు బయటికొచ్చి పుట్టానట. అలా పుట్టినవాళ్ళు నడుం పట్టేసిన మనిషిని కాలితో మూడుసార్లు తొక్కితే పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం.

సాలూరంటే లారీల ఊరు. లారీ డ్రైవర్లకి నడుం నొప్పులకి కరువేముంది! నాకు ఐదేళ్ళప్పటి నుంచీ ఆదివారం పొద్దున్నే మా గడప దగ్గర ఇద్దరు ముగ్గురు బోర్లా పడుకుని ఉండేవారు. మా అమ్మ చెయ్యి పట్టుకుంటే నేను మూడు అడుగులు వేసేదాన్ని. తొక్కినందుకు ఒక కొబ్బరుండ. మా చర్చిలో పాస్టరు గారు ఇదంతా మూఢనమ్మకం అని ఆదివారం ప్రసంగంలో ఝాడించి, సోమవారం నాడు తనే నడుం పట్టుకుని వెనకవైపు గుమ్మంలోంచి వచ్చారు. ఆయన్నీ తొక్కాను. పెద్దయ్యాక మగవాళ్ళని మానేశాను గానీ ఆడవాళ్ళని తొక్కుతూనే ఉన్నాను. తగ్గిందనే అందరూ చెప్పేవారు. తగ్గనివాళ్ళు మళ్ళీ రారు కదా, ఆ సంగతి నాకు నలభై నాలుగేళ్ళ దాకా తట్టలేదు.

2016 జూలైలో బడిలో హైజంపు పరుపు ఈడుస్తుంటే నడుంలో కలుక్కుమంది. వారం తిరిగేసరికి నొప్పి పిరుదు నుంచి ఎడమ మడమ దాకా తాడు కట్టి లాగినట్టు దిగింది. కూర్చోలేను, నిలబడలేను, దగ్గలేను. మా ఆయన ప్రకాశం లారీలకి బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి మేస్త్రి. ఆయన మాటలు తక్కువ మనిషి.

"డాక్టరు కాడికి ఎల్దాం," అన్నాడు.

"మూడు తొక్కులకి పోయేదానికి డాక్టరెందుకు?" అన్నాను. అవును, నేనే అన్నాను. ఇది దాచను.

చిక్కల్లా ఏమిటంటే, నన్ను తొక్కేదెవరు? మా అత్త సువార్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మో! ఊరందర్నీ నువ్వే తొక్కినావు, నిన్ను ఎవులు తొక్కుతారే?" అని. ఊరుకునే మనిషి కాదు. రెండు రోజుల్లో ఆచూకీ తీసింది. "శృంగవరపుకోట కాడ ఒకాయన ఉన్నాడంట. ఎదురుకాళ్ళతోటే పుట్టినాడంట. కబురంపినాను. ఆదారానికి వస్తాడు. సోమారం నువ్వు గెంతుతావు సూడు."

వచ్చాడు. నేను గడప మీద బోర్లా పడుకుని పక్కకి చూస్తే ఆయన పాదాలు కనపడ్డాయి. ఒక్కొక్కటీ పీటంత ఉంది. నేను తొక్కడం మొదలుపెట్టినప్పుడు నా బరువెంత, ఈయన బరువెంత అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినా నోరు తెరవలేదు. ఊరంతా నన్ను నమ్మి పడుకున్నారు, నేను లేచిపోతే ఏం బాగుంటుంది! ఒకటి, రెండు. మూడో అడుగు పూర్తి బరువుతో నడుం మీద పడింది. లోపల చిటుక్కుమన్న చప్పుడు నాకు చెవిలో కాదు, పళ్ళలో వినపడింది.

"వదిలిపోనాది!" అని అత్త చప్పట్లు కొట్టింది.

నిజంగానే వదిలిపోయింది. సాయంత్రానికి కాల్లో నొప్పి లేదు. ఎంత సంతోషించానో చెప్పలేను. చేపల పులుసు పెట్టుకుని తిన్నాం. మర్నాడు బడికి బయల్దేరి పోస్టాఫీసు దాకా వెళ్ళాను. వెనక నుంచి ఎవరో "మేడమ్, మేడమ్!" అని అరుస్తున్నారు. ఆరో తరగతి పిల్లలిద్దరు నా ఎడమ చెప్పు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. అది ఎప్పుడో వీధి మొదట్లోనే జారిపోయిందట. నాకు తెలియలేదు. కిందకి చూసుకుంటే ఉత్తి పాదంతో కంకర మీద నిలబడి ఉన్నాను. పాదం ఎత్తబోతే వేళ్ళు లేవలేదు. నొప్పి పోలేదర్రా, కాలే పోయింది! చదువుతున్నవాళ్ళు ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. నొప్పి ఉన్నట్టుండి మాయమై ఆ చోట మొద్దుబారితే పులుసులూ గిలుసులూ వండుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పొండి.

విజయనగరంలో చూసి వెంటనే విశాఖపట్నం పంపేశారు. అక్కడి ఆసుపత్రిలో స్కానింగు గది ముందు వరసగా ఇనుప కుర్చీలు. నేను కూర్చోలేను, పడుకోవడానికి చోటు లేదు. గోడకి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. ఎచ్చెర్లలో యూనివర్సిటీలో చదువుతోందట, ఒక అమ్మాయి వాళ్ళ నాన్నని తీసుకొచ్చింది. నన్ను చూసి నాలుగు కుర్చీలవాళ్ళనీ లేపేసింది. "పెద్దమ్మా, పక్కకి తిరిగి తొంగోండి, మీ నంబరు పిలిస్తే నాను సెప్తాను," అని తన సంచి నా తల కింద పెట్టింది. ఆ సంచిలో పుస్తకాలు గుచ్చుకున్నాయి. అంత సుఖమైన తలగడ మీద నేను ఎప్పుడూ పడుకోలేదు. ఆ పిల్ల పేరు అడగడం మర్చిపోయాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డాక్టరు స్కానింగు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశాడు. "ఎవరైనా తొక్కారా?" అని అడిగాడు. ఆయనకి ఎలా తెలిసిందో! మా ఆయన నేల చూశాడు. నేను గోడ చూశాను. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త ముందుకొచ్చింది.

"నానే తొక్కించాను బాబూ," అంది.

ఆయన తిట్టలేదు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి కాలి నరాన్ని నొక్కేస్తోంది, రేపు పొద్దున్నే ఆపరేషన్ అన్నాడు. కాలు కదలడం చాలావరకు రావచ్చు, అరికాలికి స్పర్శ వస్తుందో రాదో చెప్పలేను, ఏడాది దాకా చూడాలి అన్నాడు. డ్రిల్ టీచరికి ఆ మాట ఎలా వినపడుతుందో మీరే ఆలోచించండి. నేల తెలియని కాలితో పరిగెత్తేదెలా? పిల్లలకి ఏం నేర్పను?

ఆపరేషన్ అయిన మూడో రోజు అత్త గ్లాసులో జావ పట్టుకొచ్చింది. అప్పుడన్నాను ఆ మాట. "నన్ను కుంటిదాన్ని చేసింది నువ్వు. నీ చేత్తో ఏదీ నాకు తేవద్దు." పక్క మంచాలవాళ్ళు కూడా విన్నారు. ఆవిడ గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. డాక్టరెందుకని అన్నది నేనే కదా. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే అన్నాను. కోపాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి, ఎదురుగా ఆవిడ దొరికింది.

ఆ తర్వాత నెలలు నెలలు ఇంట్లో మాటల్లేవు. నేను ఆవిడతో మాట్లాడను. ఆవిడ నాతో మాట్లాడాలంటే మా ఆయనతో చెప్పేది. "ఒరే ప్రకాశం, అన్నం ఉడికిపోనాదని సెప్పు." నేను రెండడుగుల దూరంలోనే ఉండేదాన్ని. పాపం ఆ మనిషి ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. రోజూ సాయంత్రం షెడ్డు నుంచి రాగానే కళ్ళజోడు పెట్టుకుని నా ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకుని, చెక్కలో మేకు ఉందేమో చూసినట్టు అరికాలంతా వెతికేవాడు. ఏం గుచ్చుకున్నా నాకు తెలియదు కదా మరి. క్రిస్మస్ నాటికి వేళ్ళు లేచాయి, చేతికర్ర పోయింది. అరికాలు మాత్రం ఎవరిదో అన్నట్టే ఉంది. ఏప్రిల్లో ఈస్టర్ రోజు చర్చి మెట్ల మీద చెప్పులు విప్పి పదినిమిషాలు నిలబడి కబుర్లాడాను. ఇంటికొచ్చాక మా ఆయన చూస్తే అరికాలంతా బొబ్బలు. ఎండకి కాలింది. ఆ రోజు మాత్రం ఏడ్చాను.

ఇంకొకటి కూడా అప్పుడే పట్టుకున్నాను. పొద్దున్న లేచేసరికి దుప్పటి మీద ఎడమకాలి దగ్గర రోజూ నూనె మరక ఉంటోంది. మా ఆయన్ని నిలదీస్తే చెప్పాడు. తెల్లారకముందే అత్త వచ్చి అరికాలికి ఆముదం రాసి వెళ్ళిపోతోందట. ఆపరేషన్ నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ రాస్తోందట. నాకు ఒక్కరోజూ తెలియలేదు. తెలిశాక రాత్రిళ్ళు ఎడమకాలు దుప్పటి బయట పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను.

2017 జూన్లో విశాఖపట్నం డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. నడుం బాగా మానింది, నెమ్మదిగా పరిగెత్తడం మొదలుపెట్టండి అన్నాడు. మా చెల్లెలు గ్రేసు అక్కడే బ్యూటీ పార్లర్ నడుపుతుంది. అది నాతోపాటు లోపలికొచ్చి, "సార్, అక్కకి థాయ్ మసాజ్ చేయించొచ్చా?" అని అడిగేసింది! నాకు సిగ్గేసింది. ఆయన నవ్వి, "కాళ్ళకి చేయించుకోండి, హాయిగా ఉంటుంది. వీపు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. స్పర్శ వచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు, అది దాని టైము ప్రకారం రావాలి," అన్నాడు. కాగితం మీద కూడా రాసిచ్చాడు.

మసాజ్ అనగానే మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పేపర్లో వచ్చేవి అందరం చదువుతాం కదా. "అది ఆడోళ్ళకి ఆడోళ్ళే సేసే చోటు బావా, నా ఫ్రెండు అక్కడే రిసెప్షన్లో ఉన్నాది," అని గ్రేసు ఒట్లు పెట్టింది. అంతలో మాతో వచ్చిన అత్త కుర్చీలోంచి లేచింది. "ఒరే ప్రకాశం, నానూ ఎల్తానని సెప్పు. ఈసారి ఎవులు ఏటి సేత్తారో నా కళ్ళతో సూడాలి."

సరే, ఆడవాళ్ళం ముగ్గురం ఆటో ఎక్కాం. అబ్బ, ఎంత హుషారుగా ఉందో! ఏడాదిగా నేను ఆసుపత్రీ చర్చీ తప్ప ఇంకో గుమ్మం ఎక్కలేదు. అద్దాల తలుపు తీయగానే నిమ్మగడ్డి వాసన. ఎక్కడో సన్నగా నీళ్ళ చప్పుడు. బూట్లు విప్పమన్నారు, మెత్తటి చెప్పులిచ్చారు, అల్లం టీ ఇచ్చారు. బంధువుల పెళ్ళిలో కూడా నాకింత మర్యాద జరగలేదు. వదులు పైజామా, చొక్కా ఇచ్చి మార్చుకోమన్నారు. అత్త చీర విప్పనంటే విప్పనంది. చివరికి చీర కిందే పైజామా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, "ఓలమ్మో, నానేటి ఇలగున్నాను!" అని ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఏడాదిలో ఇద్దరం ఒకేసారి నవ్వడం అదే మొదలు.

ఇత్తడి పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళూ నిమ్మచెక్కలూ పూలరేకులూ వేసి తెచ్చింది ఒక అమ్మాయి. మోకాళ్ళ మీద కూర్చుని ముందు అత్త కాళ్ళు అందుకుంది. అత్త గబుక్కున వెనక్కి లాక్కుంది. "నా కాళ్ళు నువ్వు కడగడమేటే తల్లీ!" ఆ పిల్ల వదల్లేదు. తర్వాత నావి. కుడికాలికి నీళ్ళు వెచ్చగా తగిలాయి. ఎడమకాలు నీళ్ళలో ఉందని కళ్ళతో చూసి తెలుసుకున్నాను.

థాయిలాండ్ పిల్ల అనుకున్నాం. గ్రేసు హిందీలో అడిగితే, ఊరు నాగాలాండ్ అనీ, పేరు అసెన్లా అనీ, థాయ్ మసాజు నేర్చుకుని ఈ పనిలోకి వచ్చాననీ చెప్పింది. మెడలో చిన్న సిలువ చూసి అత్త కళ్ళు పెద్దవి చేసింది. "మనోళ్ళా?" అంది. "బాప్టిస్ట్," అంది ఆ పిల్ల. అత్త తడికాళ్ళతోనే లేచి నిలబడింది. "మన సంఘమే! ఓలమ్మో, ఇంత దూరంలో మన పిల్ల!" అని దాని బుగ్గలు పుణికింది. అప్పటికప్పుడు అసనమ్మ అని పేరు పెట్టేసింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. అయినా అత్త ఆదివారం పాట ఒకటి కూనిరాగం తీస్తే ఆ పిల్ల రెండో చరణం తన భాషలో అందుకుంది. రాగం అదే. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

లోపల గదిలో నేల మీద పరుపులు. గోడకి ఒక పెద్ద ఫొటో ఉంది. ఒక మనిషి బోర్లా పడుకున్నాడు, పైనున్న కర్రలు పట్టుకుని ఒకావిడ అతని వీపు మీద నిలబడి ఉంది. అది అత్త కంట పడింది. నా పరుపుకి అడ్డంగా వచ్చి రెండు చేతులూ చాచింది.

"ఒద్దమ్మా, తల్లీ! ఎక్కొద్దు! దాని నడుం ఎక్కొద్దు! కావాలంటే నాను తొంగుంటాను, నన్ను తొక్కు!"

 గ్రేసు డాక్టరు కాగితం చూపించి కథంతా చెప్పింది. అసెన్లా కాగితం శ్రద్ధగా చదివి, వీపు ముట్టనని సిలువ పట్టుకుని చెప్పాక గానీ అత్త పక్కకి జరగలేదు.

నాకు ఒక ప్రశ్న గొంతులో ఉండిపోయింది. గ్రేసు చేత అడిగించాను. "నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావా?"

అసెన్లాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. "అందరిలాగే తల ముందు వచ్చింది. తొక్కడం నేర్చుకున్నాను. మొదటి రెండు నెలలూ ఎవరి మీదా కాలు పెట్టనివ్వలేదు. ఎక్కడ తొక్కకూడదో ముందు నేర్పారు."

నలభై ఏళ్ళు! నలభై ఏళ్ళు ఊరి నడుములు తొక్కాను, ఎక్కడ తొక్కకూడదో ఒక్కరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నా కాలి కింద ఎవరికేమైందో! ఆ రోజు నుంచీ మా గడప దగ్గర ఎవరు పడుకున్నా చెయ్యిచ్చి లేపి ఆసుపత్రికి పంపుతున్నాను, పాస్టరు గారితో సహా.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి మొదలుపెట్టింది. అరచేతులతో పిక్కల మీద మెల్లగా బరువు మోపుతూ వెళ్ళింది. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! ఏడాదిగా నా ఒంటిని అందరూ పరీక్ష చెయ్యడమే, ఎవరూ ఇలా బుజ్జగించలేదు. పక్క పరుపు మీద అత్త కాళ్ళు ఇంకో అమ్మాయి పడుతోంది. కాపలా కాయడానికి వచ్చిన మనిషి రెండు నిమిషాల్లో గుర్రు పెట్టింది.

చివర్లో చిన్న నున్నటి కర్ర తీసి కుడి అరికాలు మీద రాసింది. చక్కిలిగింతకి ఎగిరిపడ్డాను. తర్వాత ఎడమ అరికాలు. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఏమీ లేదు. ఉండదని తెలుసు, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు కూడా చెప్పాడు. అయినా పాడు ఆశ ఎక్కడికి పోతుంది? అసెన్లా తొందరపడలేదు. వేళ్ళ సందుల్లో, బొటనవేలి కింద, మళ్ళీ మళ్ళీ రాస్తూనే ఉంది.

చీమ పాకినట్టనిపించింది.

ఊపిరి బిగబట్టాను. ఇదివరకు ఇలాగే రెండుసార్లు అనుకుని మోసపోయాను. చీమ మళ్ళీ పాకింది. "ఆగు, ఆగు!" అని తెలుగులోనే అరిచాను. గ్రేసు పరిగెత్తుకొచ్చింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, "ఎక్కడ పెడుతోందో నాకు చెప్పొద్దు, నేనే చెప్తాను," అన్నాను.

"ఇప్పుడు?" అంది గ్రేసు.

"బొటనవేలి కింద."

"ఇప్పుడు?"

"ఏమీ తెలియట్లేదు."

"మడమ మీద పెట్టింది. ఇప్పుడు?"

"మధ్యలో, గుంటలో! అక్కడే!"

"అక్కా!" అని గ్రేసు కీచుమంది. అసెన్లా కర్ర పక్కన పడేసి వేళ్ళతో గుంటలో గిలిగింతలు పెట్టింది. అంతే! నేను పెట్టిన కేక, నవ్వు, ఏడుపు, అన్నీ కలిసి ఆ ప్రశాంతమైన భవనమంతా దద్దరిల్లిపోయి ఉంటుంది. రిసెప్షన్లోంచి మనుషులొచ్చారు.

అత్త ఉలిక్కిపడి లేచింది. నేను ఏడుస్తున్నాననుకుని అసెన్లా చెయ్యి పట్టుకుని లాగేసింది. "ఏటి సేసినావే దాన్ని? సెప్పినాను కదా ఎక్కొద్దని!"

"ఎక్కలేదత్తా," అన్నాను. ఏడాదిలో ఆవిణ్ణి అత్తా అని పిలిచింది అదే మొదటిసారి. "కాలు తెలుస్తోంది. బొటనవేలి కింద తెలుస్తోంది. నువ్వు గిల్లి చూడు."

అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాను ముట్టను. నా సెయ్యి మంచిది కాదు."

"గిల్లత్తా."

పైజామా మీద చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నా కాళ్ళ దగ్గర కూర్చుంది. రెండు వేళ్ళతో బొటనవేలి కింద చర్మం పట్టుకుని, నా ముఖమే చూస్తూ, చంటిపిల్లని ముట్టుకున్నంత మెల్లగా గిల్లింది.

"నొప్పెట్టినాదేటే?"

"పెట్టింది," అన్నాను.

ఆవిడ వెంటనే చెయ్యి తీసేసి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆ చెయ్యి లాగి మళ్ళీ నా పాదం మీద పెట్టుకున్నాను. "తియ్యకు అత్తా, ఇంకా గట్టిగా గిల్లు," అన్నాను.

గిల్లింది.